కౌన్సిల్ అడ్మిషన్ల కన్సల్టేషన్: జవాబు రాస్తే ఏమైనా ఒరుగుతుందా?

ఇద్దరుపిల్లలతల్లి | 2025 నవంబర్ 18, రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు కాస్త సాయం చేయండి.

మా పెద్దది ఇయర్ టూ చదువుతోంది, కౌన్సిల్ స్కూల్లో. దానికి సీటొచ్చినప్పుడు స్కూలుకి అయిదు నిమిషాల నడకలో అద్దెకుండేవాళ్ళం. ఓనరు ఇల్లు అమ్ముతానంటే పోయినేడు ఖాళీ చేసి ముప్పావు మైలు అవతల ఇంకో ఇల్లు తీసుకున్నాం. చిన్నోడు 2027 సెప్టెంబర్లో రిసెప్షన్లో, అంటే ఇక్కడి బడి మొదటి తరగతిలో, చేరాలి. అక్క ఆ స్కూల్లోనే ఉంది కదా, తమ్ముడికి సీటు ఖాయమని నిశ్చింతగా ఉన్నాను.

మొన్న శుక్రవారం స్కూలు మెయిల్లో కేక్ సేల్ గురించి రాసిన దాని కింద ఒక్క లైను కనిపించింది. 2027-28 అడ్మిషన్ నిబంధనల మీద కౌన్సిల్ అభిప్రాయాలు అడుగుతోందట. లింకు నొక్కితే 41 పేజీల పీడీఎఫ్. అందులో మా స్కూలుకి రెండు మార్పులున్నాయి. పాన్ 60 నుంచి 30కి తగ్గిస్తారు. క్యాచ్‌మెంట్ (స్కూలు కోసం మ్యాప్ మీద గీసిన ప్రాంతం) బయట ఉంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇకమీదట క్యాచ్‌మెంట్ లోపలి పిల్లలందరి తర్వాతే. మ్యాప్ పెద్దది చేసి చూస్తే ఎర్ర గీత సరిగ్గా మా రోడ్డు నడిమధ్య పోతోంది. బేసి నంబర్ల ఇళ్ళు లోపల, సరి నంబర్లు బయట. మాది 48.

ఇద్దరు పిల్లలు రెండు స్కూళ్ళయితే నా పనేంటి? రెండు గేట్లూ 8:45కే మూస్తారు. ఉన్న ఒక్క కారూ ఆయన తీసుకెళ్తారు. జవాబు పంపడానికి జనవరి 9 వరకు టైముంది. రాస్తే ఉపయోగం ఉంటుందా, ఇదంతా కంటితుడుపు వ్యవహారమా?

గుంటూరు_గోంగూర | నవంబర్ 18, రాత్రి 11:10

కంటితుడుపే. మా దగ్గర లైబ్రరీ మూసేముందు కూడా ఇలాగే అడిగారు. మూయొద్దని అందరం రాశాం. మూసేశారు. తర్వాత "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెయిలొచ్చింది. పడుకోండి.

చందు | నవంబర్ 18, రాత్రి 11:31

అక్కా, పాన్ అంటే ఏంటి? పిల్లలకి కూడా పాన్ కార్డు అడుగుతున్నారా ఇక్కడ 😳

మాజీ_గవర్నర్ | నవంబర్ 19, ఉదయం 7:20

చందూ, పాన్ కార్డు కాదు బాబూ. ప్రవేశ తరగతిలో, అంటే ప్రైమరీకైతే రిసెప్షన్లో, ఈ ఏడు ఇంతమందిని తీసుకుంటామని స్కూలు ముందే ప్రకటించే సంఖ్య అది. ఆ సంఖ్య నిండేదాకా అడిగిన పిల్లకి సీటు లేదనడానికి వీల్లేదు.

అమ్మా, నేను ఒక ప్రైమరీలో రెండు టర్ములు, అంటే ఎనిమిదేళ్ళు, పేరెంట్ గవర్నరుగా, అంటే స్కూలు పాలకమండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిగా, ఉన్నాను. పాన్ ఎందుకు తగ్గిస్తారో చెప్తాను, కోపం కొంచెం తగ్గుతుంది. రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ క్లాసుల్లో ఒక టీచరుకి 30 మంది మించకూడదని ఇక్కడ చట్టం. స్కూలుకి డబ్బొచ్చేది తలకింత చొప్పున, అక్టోబర్ సెన్సస్ నాడు రిజిస్టర్లో ఉన్న తలల లెక్కన. పాన్ 60 ఉన్న స్కూల్లో 36 మంది చేరారనుకోండి. పైనున్న ఆరుగురి కోసం రెండో గది, రెండో టీచరు, రెండో అసిస్టెంటు. డబ్బు మాత్రం 36 తలలకే. ఇలా నాలుగేళ్ళు లాగితే స్కూలు అప్పుల్లో పడుతుంది. లండన్లో పిల్లలు తగ్గిపోయి ఇది బాగా ముదిరింది. హ్యాక్నీలో 2024 వేసవిలో డి బోవాయర్, రాండల్ క్రీమర్ అనే రెండు ప్రైమరీలు మూతపడ్డాయి, ఇంకో నాలుగు స్కూళ్ళని రెండుగా కలిపేశారు. అందుకని మీ పాన్ 30 చేయడం స్కూలుని చంపడానికే అనుకోకండి. చాలాసార్లు బతికించుకోవడానికే చేస్తారు. మీరు కొట్లాడాల్సింది రెండో మార్పు మీద.

ఇక క్యాలెండరు. నిబంధనలు మార్చాలంటే అక్టోబర్ 1కీ జనవరి 31కీ మధ్య కనీసం ఆరు వారాలు అభిప్రాయాలు అడగాలి. ఫిబ్రవరి 28 లోపు తేల్చాలి, మార్చి 15 లోపు ప్రచురించాలి. నచ్చనివాళ్ళు మే 15 లోపు స్కూల్స్ అడ్జుడికేటర్‌కి, అంటే అడ్మిషన్ నిబంధనల తగాదాలు తేల్చే అధికారికి, అభ్యంతరం పెట్టుకోవచ్చు. 2027లో చేరే పిల్లల రాత 2026 ఫిబ్రవరికే అయిపోతుందన్నమాట. మనవాళ్ళు అప్లికేషన్ నింపేరోజు నిబంధనలు తెరుస్తారు. అప్పటికి ఆ తలుపు మూసి దాదాపు ఏడాది.

నైట్‌షిఫ్ట్_నర్సు | నవంబర్ 19, ఉదయం 8:05

డ్యూటీ దిగి బస్సులో చదువుతున్నా. ఇంత హైరానా ఎందుకండీ? ఫారంలో మొదటి ప్రిఫరెన్స్ ఒక్కటే రాసి మిగతావి ఖాళీగా వదిలేస్తే వాళ్ళు ఇచ్చి తీరాలి. మా కొలీగ్ అలాగే తెచ్చుకుంది.

లెక్కలమాస్టారు | నవంబర్ 19, ఉదయం 8:40

నర్సమ్మగారూ, దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. ఆమెకి ఎలాగూ వచ్చే సీటే వచ్చింది. మీరు ఏ స్కూలుని ఎన్నో నంబరుగా పెట్టారన్నది ఆ స్కూలు చూడకూడదు. ప్రతి స్కూలు లిస్టులోనూ మీ పిల్ల పేరు విడిగా, ఆ స్కూలు నిబంధనల ప్రకారమే వరుసలో పడుతుంది. రెండు మూడు చోట్ల అందితే, వాటిలో మీరు పైన రాసినది కౌన్సిల్ ఇస్తుంది. ఒక్కటే రాసి అది అందకపోతే? అందరూ పంచుకోగా మిగిలినది, రెండు బస్సులు మారే చోట ఉన్నా సరే, మీ చేతిలో పెడతారు. లండన్లో ఆరు రాయొచ్చు, బయట కనీసం మూడు రాయనివ్వాలి. అన్నీ నింపండి.

నైట్‌షిఫ్ట్_నర్సు | నవంబర్ 19, ఉదయం 8:52

అమ్మో. మా పాపకి ఈ జనవరి 15 గడువు. బతికించారు మాస్టారూ.

బెజవాడ_బాబి | నవంబర్ 19, మధ్యాహ్నం 1:15

బేసి నంబర్ల వైపు తెలిసినవాళ్ళెవరూ లేరా అక్కా? వాళ్ళ అడ్రస్ మీద ఒక బ్యాంక్ స్టేట్‌మెంట్ తెప్పించుకుంటే పోలా?

మోడరేటర్ | నవంబర్ 19, మధ్యాహ్నం 1:40

బాబి గారూ, దొంగ అడ్రస్ సలహాలు ఈ వేదికలో వద్దు. అబద్ధపు అడ్రస్‌తో తెచ్చుకున్న సీటు ఆఫర్ వచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. కౌన్సిల్ టాక్స్ రికార్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది, చూసుకోవడం ఎంతసేపు?

లెక్కలమాస్టారు | నవంబర్ 19, సాయంత్రం 6:30

చూసుకోవడంలో హద్దు మీరినవాళ్ళూ ఉన్నారు లెండి. పూల్ కౌన్సిల్ 2008లో ఒక కుటుంబం నిజంగా క్యాచ్‌మెంట్లోనే ఉంటోందా అని దాదాపు మూడు వారాలు చాటుగా వెంటబడింది. నేరాల దర్యాప్తు కోసమని ఇచ్చిన నిఘా అధికారాలతో! చూస్తే ఆ తల్లిదండ్రులు చెప్పింది నిజమే. ఆ నిఘా చట్టవిరుద్ధమని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది. అలాగని బాబి సలహా మంచిదైపోదు.

బెజవాడ_బాబి | నవంబర్ 19, సాయంత్రం 6:44

సరే సరే, తప్పయిపోయింది 🙏 ఇంకో డౌటు. మా బరోకి (లండన్లో ఒక్కో కౌన్సిల్ ప్రాంతం ఒక బరో) కౌన్సిల్ టాక్స్ కట్టేది మేం. మా స్కూల్లో సగం మంది పక్క బరో పిల్లలే. ముందు మా వాళ్ళకి ఇవ్వాలని కన్సల్టేషన్లో రాయొచ్చా?

మాజీ_గవర్నర్ | నవంబర్ 19, రాత్రి 9:05

రాయొచ్చు, పని జరగదు. 1989లో గ్రీనిచ్ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం బరో సరిహద్దు దాటి ఉన్నారన్న ఒక్క కారణంతో పిల్లల్ని వెనక్కి నెట్టకూడదు. దూరం, క్యాచ్‌మెంట్, తోబుట్టువు, ఇలాంటివే చెల్లుతాయి. అన్నిటికన్నా ముందు మాత్రం ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, లేదా ఒకప్పుడు ఉండి దత్తతకి వెళ్ళిన పిల్లలు. ఆ వరుస మార్చే అధికారం ఏ కౌన్సిల్‌కీ లేదు. మార్చకూడదు కూడా.

కొత్తఫ్లాట్_పల్లవి | నవంబర్ 20, ఉదయం 9:30

రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. ఇద్దరుపిల్లలతల్లి గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ అవతలి వైపు నేనున్నాను. మా ఫ్లాట్ కిటికీలోంచి స్కూలు ఆటస్థలం కనిపిస్తుంది. ప్లేటైమ్ విజిల్ కూడా వినిపిస్తుంది. మా బాబుకి అక్కడ సీటు రాలేదు. ఆ ఏడు చేరినవాళ్ళలో ఎక్కువమంది అన్నో అక్కో ఉన్నవాళ్ళే. వాళ్ళలో కొందరు మొదటి పిల్లకి సీటొచ్చాక ఊరవతల పెద్దిల్లు కొనుక్కుని వెళ్ళినవాళ్ళు. రోజూ కార్లో వచ్చి మా బిల్డింగ్ ముందు డబుల్ పార్కింగ్ చేస్తారు. మా బాబు రెండు మైళ్ళ అవతలి స్కూలుకి బస్సులో వెళ్తున్నాడు. మా కౌన్సిల్ గనక ఇలాంటి మార్పు పెడితే నేను "అవును" అనే రాస్తాను.

ఇద్దరుపిల్లలతల్లి | నవంబర్ 20, ఉదయం 10:15

నేను పెద్దిల్లు కొనుక్కోలేదండీ. ఓనరు ఖాళీ చేయించాడు.

కొత్తఫ్లాట్_పల్లవి | నవంబర్ 20, ఉదయం 10:22

మిమ్మల్ని అనలేదండీ, నొప్పించి ఉంటే క్షమించండి. నిబంధనకి మాత్రం ఆ తేడా తెలియదు. నా బాధ అదే, మీ బాధా అదే.

మాజీ_గవర్నర్ | నవంబర్ 20, మధ్యాహ్నం 12:40

పల్లవిగారు రాసింది అందరూ ఒకటికి రెండుసార్లు చదవండి. ఉన్న 30 సీట్లలో ఒకరిని పైకి లేపితే ఇంకొకరు కిందికి దిగాల్సిందే. మన ఇంటికి అన్యాయం అని మాత్రమే రాస్తే ఆఫీసర్ అవతలి ఇంటి ఉత్తరం పక్కన పెట్టి రెంటినీ కొట్టేస్తాడు. పల్లవిగారికి నష్టం రాకుండా మీ ఇబ్బంది తీరే మాట ఒకటి వెతకండి.

నాకు తోచింది ఇది. కొత్త నిబంధన పెట్టుకోండి, కానీ పాత నిబంధన నమ్ముకుని ఇప్పటికే చేరిన పిల్లల తోబుట్టువులకి పాత వరుసే ఉంచండి. చాలా కౌన్సిళ్ళు ఇలాంటి వెసులుబాటు ఇచ్చాయి. ఆరేడేళ్ళలో ఆ పిల్లలు స్కూలు దాటిపోతారు, మినహాయింపు దానంతటదే తీరిపోతుంది.

లెక్కలమాస్టారు | నవంబర్ 20, రాత్రి 8:10

"కంటితుడుపా" అన్న మొదటి ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. 1985లో లండన్లోని బ్రెంట్ కౌన్సిల్ స్కూళ్ళు మూయడం మీద జరిపిన కన్సల్టేషన్ కోర్టుకెక్కింది. అక్కడ ఒప్పుకున్న నాలుగు సూత్రాల్ని ఇప్పటికీ గన్నింగ్ సూత్రాలంటారు. నిర్ణయం ఇంకా పచ్చిగా ఉండగానే అడగాలి. ఎందుకు మారుస్తున్నారో జనం అర్థం చేసుకుని జవాబివ్వగలిగేంత వివరం ఇవ్వాలి. చాలినంత టైమివ్వాలి. వచ్చిన జవాబుల్ని మనసుపెట్టి చూడాలి. 2014లో హారింగే కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు కూడా వీటికి ముద్ర వేసింది. అయితే చూడాలనే అన్నారు, వినాలని అనలేదు. గోంగూర గారి లైబ్రరీ అందులోనే పోయింది.

విన్న సందర్భమూ ఉంది. బ్రైటన్‌లో సెకండరీ సీట్లకి క్యాచ్‌మెంట్ లోపల పోటీ వస్తే దూరం కొలవరు, 2008 నుంచి లాటరీయే. కొన్ని స్కూళ్ళలో 20 శాతం సీట్లకి క్యాచ్‌మెంట్ బయటి పిల్లల్ని ముందుకి తెద్దామని అక్కడి కౌన్సిల్ ప్రతిపాదించింది. తల్లిదండ్రులు రెండు వర్గాలై కొట్టుకున్నంత పని చేశారు. 2025 ఫిబ్రవరిలో ఓటుకి వచ్చేసరికి ఆ 20 కాస్తా 5 అయింది.

గుంటూరు_గోంగూర | నవంబర్ 20, రాత్రి 9:02

ఒప్పుకుంటా. అయినా 41 పేజీలిచ్చి అడగడమే గొప్ప అనిపిస్తోంది ఇప్పుడు. 2022లో ఆంధ్రలో జీవో 117 వచ్చినప్పుడు మా ఊళ్ళో 3, 4, 5 తరగతులు తీసుకెళ్ళి హైస్కూల్లో కలిపారు. మా అక్క కూతురు కాలువ దాటి వెళ్ళాల్సొచ్చింది. ఎవరైనా అడిగారా అంటే "అడిగేదేముంది, స్కూలు తెరిచాక చెప్పారు" అంది అక్క. 2025లో ఆ జీవో ఎత్తేశారనుకోండి. అప్పటికి పిల్ల ఆరో తరగతికొచ్చేసింది.

మాజీ_గవర్నర్ | నవంబర్ 21, ఉదయం 7:00

ఒక్కమాట మర్చిపోయాను. రెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులందరినీ అడగాలని అడ్మిషన్స్ కోడ్, అంటే స్కూలు సీట్ల మీద ప్రభుత్వం పెట్టిన నియమావళి, చెప్తుంది. 2027లో చేరబోయేవాళ్ళు ఇప్పుడు రెండు మూడేళ్ళ పసివాళ్ళు, నర్సరీల్లో ఉన్నారు. మీ స్కూలు మెయిల్ వాళ్ళకి వెళ్ళదు. అసలు నష్టపోయేవాళ్ళకే కబురు అందదు. నర్సరీ గేటు దగ్గర ఒక కాగితం అంటించండి.

ఇంకోటి, మీది కౌన్సిల్ నడిపే స్కూలు కాబట్టి జవాబు కౌన్సిల్‌కే పంపాలి. అకాడమీ, అంటే కౌన్సిల్ కాకుండా ట్రస్టు నడిపే స్కూలు, అయితే నిబంధనలు పెట్టేది ఆ ట్రస్టు, కన్సల్టేషన్ కూడా వాళ్ళదే. కౌన్సిల్‌కి రాస్తే పక్కింటి తలుపు కొట్టినట్టే.

ఇద్దరుపిల్లలతల్లి | డిసెంబర్ 4, రాత్రి 11:20

ఇవాళ లైబ్రరీలో కౌన్సిల్ వాళ్ళు ముఖాముఖి పెట్టారు. సాయంత్రం 4 నుంచి 6. పనిచేసే తల్లిదండ్రులు ఎవరొస్తారు ఆ టైముకి? చిన్నోణ్ణి పుష్‌చెయిర్లో వేసుకుని వెళ్ళాను. ఇద్దరు ఆఫీసర్లు, ప్లాస్టిక్ కవరు వేసిన మ్యాప్, ఒక ప్లేటు బిస్కట్లు. నాతో కలిపి ఏడుగురం. మావాడు ప్లేటు సగం ఖాళీ చేశాడు.

గీత రోడ్డు మధ్యలో ఎందుకు గీశారని అడిగాను. ఆవిడ మ్యాప్ మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది. పాత వార్డు హద్దు అలా ఉందట, దాన్నే వాడుకున్నారట. ఇళ్ళ వెనక పెరళ్ళ వెంట గీస్తే ఒకే వీధివాళ్ళు ఒకే వైపు ఉంటారు కదా అన్నాను. "అది రాసి పంపండి, మేం నోటితో విన్నది రిపోర్టులోకి రాదు" అంది. ఆ ముక్క కోసమైనా వెళ్ళినందుకు సంతోషం.

నర్సరీలో కాగితం అంటించాను. మేనేజర్ చదివి "ఇది మాకు ఎవరూ చెప్పలేదే" అంది. ఆమెకీ రెండున్నరేళ్ళ మనవరాలుంది.

చందు | డిసెంబర్ 5, ఉదయం 8:15

అక్కా సూపర్. రాసింది ఇక్కడ పెట్టవా, మేం కూడా నేర్చుకుంటాం.

ఇద్దరుపిల్లలతల్లి | డిసెంబర్ 14, రాత్రి 10:05

పంపేశాను. మొదట నాలుగు పేజీలు రాశాను. ఆయన చదివి "ఇది ఫిర్యాదులా లేదు, ఏడుపులా ఉంది" అన్నారు. చింపేసి ఒక పేజీ రాశాను. పాన్ తగ్గించడానికి అభ్యంతరం లేదన్నాను. 2026 సెప్టెంబర్ లోపు చేరిన పిల్లల తోబుట్టువులకి పాత వరుస ఉంచమన్నాను. గీత పెరళ్ళ వెనక్కి జరపమన్నాను, ఎందుకంటే క్యాచ్‌మెంట్ సహేతుకంగా ఉండాలని కోడే అంటోంది. చివర్లో ఒక్క వాక్యం మాత్రం నా సొంతం: "రెండు గేట్లూ 8:45కే మూస్తారు, మధ్య దూరం 1.4 మైళ్ళు, నాకున్నవి రెండు కాళ్ళు."

గుంటూరు_గోంగూర | డిసెంబర్ 14, రాత్రి 10:11

ఆ కాళ్ళ మాట బాగుంది. ఆఫీసర్ తెలుగువాడైతే సీటు ఇప్పుడే ఇచ్చేసేవాడు.

మాజీ_గవర్నర్ | 2026 ఫిబ్రవరి 5, ఉదయం 7:10

అమ్మా, మీటింగుకి అయిదు పనిదినాల ముందే కాగితాలు వెబ్‌సైట్లో పెట్టాలి. ఈ నెలలో కౌన్సిల్ కేబినెట్ మీటింగ్ ఎప్పుడో చూసుకుంటూ ఉండండి. అనుబంధాల్లో వెతకండి, అసలు సంగతులు అక్కడే దాక్కుంటాయి.

ఇద్దరుపిల్లలతల్లి | ఫిబ్రవరి 19, రాత్రి 9:48

నిన్న సాయంత్రం కేబినెట్ ఓటేసింది. పాన్ 30 అయిపోయింది. తోబుట్టువుల మార్పు కూడా పెట్టారు, కానీ 2026 సెప్టెంబర్ లోపు చేరిన పిల్లల తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పాత వరుసే. నా ఒక్కదాని ఉత్తరం వల్ల కాదు, ఇంకా చాలామంది అదే అడిగారని రిపోర్టులో ఉంది. నర్సరీ గేటు కాగితం పనిచేసిందనుకుంటా. అనుబంధం సీలో, 27వ పేజీలో, "ఒక తల్లి అభిప్రాయం" అని నా కాళ్ళ వాక్యం ఉంది. ఆయనకి చూపించాను. ఏమీ అనలేదు, టీ పెట్టారు.

గీత మాత్రం అక్కడే ఉంది. దాని గురించి రెండే ముక్కలు: "ఆఫీసర్లు పరిశీలించారు, మార్పు సిఫారసు చేయడం లేదు." మా వైపే 52లో ఉండే అమ్మాయికి ఇదే మొదటి బిడ్డ. తోబుట్టువు మినహాయింపు ఆమెకి దేనికి పనికొస్తుంది? ఎదురింటి బేసి నంబర్ల పిల్లలకి లోపలి వరుస, వీళ్ళ పాపకి బయటి వరుస. మధ్యలో ఉన్నది 20 అడుగుల తారు.

కొత్తఫ్లాట్_పల్లవి | ఫిబ్రవరి 19, రాత్రి 10:30

మీకు దక్కినందుకు నిజంగా సంతోషం. 52 నంబరు ఆవిడకి మే 15 గడువు చెప్పండి.

లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 20, ఉదయం 8:00

అవును. అడ్జుడికేటర్‌కి పేరూ అడ్రసూ ఇవ్వాల్సిందే, ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు. పేరు బయటపెట్టొద్దని అడిగే వీలుంది. "మా పాపకి సీటు ఇప్పించండి" అని రాయకూడదు, అది వాళ్ళ పని కాదు. ఈ గీత సహేతుకం కాదు, ఇదిగో కారణం అని రాయాలి. పాత వార్డు హద్దు అన్న కారణం తప్ప కౌన్సిల్ ఇంకేం చూపించలేదు కదా, అది పట్టుకోండి. వాళ్ళు తప్పన్నారంటే కౌన్సిల్ దిద్దుకోక తప్పదు.

ఇద్దరుపిల్లలతల్లి | మే 11, రాత్రి 10:40

52 అమ్మాయి అభ్యంతరం ఇవాళ పంపింది. మా డైనింగ్ టేబుల్ మీద ఇద్దరం కూర్చుని రాశాం. మ్యాప్ ప్రింట్ తీసి, రోడ్డు ఫొటో కూడా జత చేశాం. ఫొటోలో ఇటు మా డస్ట్‌బిన్లు, అటు వాళ్ళ డస్ట్‌బిన్లు. జవాబు రావడానికి కొన్నాళ్ళు పడుతుందట.

నేనైతే ఫోన్లో 2027 జనవరి 15కి అలారం పెట్టుకున్నాను. 14కి ఇంకోటి.

చందు | మే 11, రాత్రి 10:58

అక్కా, చివరి డౌటు. మా పాప 2023 ఆగస్టు 30న పుట్టింది. 2027 సెప్టెంబర్లో చేరాలంటున్నారు, అప్పటికి నాలుగేళ్ళు నిండి రెండు రోజులు. ఒక ఏడాది ఆగి 2028లో రిసెప్షన్లోనే వేయొచ్చా?

మాజీ_గవర్నర్ | మే 12, ఉదయం 7:05

అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ స్కూలు అడ్మిషన్లు చూసేవాళ్ళ ఇష్టం. అది పెద్ద కథ చందూ, దానికి వేరే త్రెడ్ తెరువు.